ఏ దస్తావేజు చూసి దేశమన్నారు?

యూరప్ ఖండం వారి సముఖమునకు, 180 గజాల స్థలంలో ఇల్లు కట్టుకున్న ఒక గృహస్థుడు చేసుకునే ఫిర్యాదు ఏమనగా...

ఈ ఇల్లు నాదేనని ప్రభుత్వం వారి చేత అనిపించుకోవడానికి నేను చూపించని కాగితం లేదు. నాకు అమ్మినాయన దస్తావేజు, ఆయనకి అమ్మినాయన దస్తావేజు, ముప్ఫై ఏళ్ల ఈసీ, బాకీ లేదని పన్ను రసీదు, నాలుగు దిక్కులా నాలుగు హద్దులు, ఇద్దరు సాక్షులు. అన్నీ సంచిలో పెట్టుకుని వెళ్తే, కౌంటరు వెనకాయన కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, "తూర్పు హద్దు ఖాళీ దొడ్డి అని ఉందండీ. ఇప్పుడక్కడ అపార్ట్‌మెంటు లేచింది కదా. మరి దొడ్డేదీ?" అన్నాడు. ఎవరో అమ్ముకున్న దొడ్డిని నేనెక్కణ్ణుంచి తేను?

సరే, చట్టం చట్టమే అనుకున్నాను. ఒక మేడకే ఇంత పరీక్ష పెడితే దేశాలకి ఎంత పెడతారో అని లోలోపల గౌరవం కూడా పుట్టింది. మా మనవరాలు యూరప్ పటం తెచ్చి, "తాతయ్యా, ఇందులో స్వతంత్ర దేశాలకి మాత్రమే రంగులెయ్యమన్నారు, ఏవేవో చెప్పు" అనేదాకా ఆ గౌరవం చెక్కుచెదరలేదు. రిటైరైనవాణ్ణి, తీరిక ఉన్నవాణ్ణి కదా అని కూర్చున్నాను. లేచేసరికి ఖండం మొత్తం మీద నమ్మకం పోయింది.

ముందు చట్టమేదో చూద్దామనుకున్నాను. దేశమనిపించుకోవడానికి ఏమేం ఉండాలో చెప్పమంటే లాయర్లందరూ చూపించేది 1933 డిసెంబరు నాటి మాంటెవీడియో ఒప్పందం. ఇదీ అని చూపించగల నేల, స్థిరంగా ఉండే జనం, ఒక ప్రభుత్వం, ఇతర దేశాలతో వ్యవహారం నడపగల సత్తా. ఈ నాలుగూ ఉంటే చాలట. బాగుంది, దొడ్డి ఊసు లేదు. కానీ మాంటెవీడియో ఎక్కడుందని వెతికితే దక్షిణ అమెరికాలో ఉరుగ్వే రాజధాని. సంతకాలు పెట్టినవన్నీ అమెరికా ఖండాల దేశాలే. యూరప్ నుంచి ఒక్కరూ లేరు. 1991లో యుగోస్లావియా ముక్కలవుతుంటే యూరప్ వారు రాబేర్ బాడింటేర్ అనే ఫ్రెంచి న్యాయకోవిదుడి అధ్యక్షతన ఒక సంఘం వేసి అడిగారు. ఆ సంఘం కూడా ఇంచుమించు ఇదే చెప్పింది. నేలా జనమూ, వాళ్ల మీద ఒక పద్ధతైన అధికారమూ ఉంటే దేశమే. ఇతరులు గుర్తించడమంటే ఉన్నదాన్ని ఉందని పైకి చెప్పడమే, అంది. ఈ చివరి మాట కాస్త గుర్తుంచుకోండి. ఆచరణలో దాన్ని ఎవరు ఎంత పాటించారో ముందు ముందు మనవి చేస్తాను.

మొదటి షరతు నేల. వాటికన్ నగరం అర చదరపు కిలోమీటరు కూడా లేదు. 1929 ఫిబ్రవరి 11న ఇటలీ తరఫున ముస్సోలినీ, పోప్ తరఫున కార్డినల్ గస్పారీ సంతకాలు చేస్తే అది దేశమైంది. చిన్నదైనా నేలే కదా అని సరిపెట్టుకోబోయాను. మరి అంతకు ముందో? 1870లో ఇటలీ సైన్యం రోములోకి నడిచొచ్చి పోప్ గారి రాజ్యాన్ని కలిపేసుకుంది. అప్పటినుంచి 1929 దాకా ఆయన రాజ్యమని చెప్పుకోవడానికి సెంటు భూమి లేదు. అయినా దేశాలు ఆయన దగ్గరికి రాయబారులను పంపుతూనే వచ్చాయి, ఆయన పంపినవాళ్లకు పీటలు వేస్తూనే వచ్చాయి. స్థలమే లేకుండా 59 ఏళ్లు హక్కు చెల్లింది.

ఆయనకి చివరికైనా నేల దక్కింది. మాల్టా వీరుల ధర్మసంఘానికి అదీ లేదు. 1798లో నెపోలియన్ వచ్చి మాల్టా దీవి లాక్కున్నాక వాళ్లకు రాజ్యం లేదు. ఇప్పుడు రోములో ఖరీదైన బట్టల దుకాణాలుండే కొండోట్టి వీధిలో ఒక భవనం వాళ్ల కార్యస్థానం. అక్కణ్ణుంచే పాస్‌పోర్టులిస్తారు, తపాలా బిళ్లలు వేస్తారు, వందకు పైగా దేశాలతో దౌత్యం నడుపుతారు. 1994 నుంచి ఐక్యరాజ్యసమితిలో పరిశీలక హోదా కూడా ఉంది. దేశం కాదట, కానీ సార్వభౌమత్వం ఉందట. వీళ్లను తూర్పు హద్దు అడిగిన మొనగాడు ఇంతవరకు లేడు.

రెండో షరతు జనం. వాటికన్‌లో వెయ్యిమంది కూడా లేరు. ఉన్నవాళ్లకు పౌరసత్వం పుట్టుకతో రాదు, కొలువుతో వస్తుంది, కొలువు పోతే మామూలుగా పోతుంది. లీచ్‌టెన్‌స్టైన్‌లో సుమారు 40 వేలమంది, శాన్ మారినోలో ఇంకా తక్కువ. ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సమావేశంలో వాళ్లకొక ఓటు, 140 కోట్లమంది ఉన్న మనకూ ఒకే ఓటు. స్కాట్లండ్‌లో 50 లక్షలకు పైగా జనం ఉన్నారు. వాళ్లకు సొంత న్యాయవ్యవస్థ ఉంది, వాళ్ల బ్యాంకులు వాళ్ల నోట్లు వేస్తాయి. 1872లో ప్రపంచంలోనే మొదటి అంతర్జాతీయ ఫుట్‌బాల్ మ్యాచి ఇంగ్లండ్‌తో ఆడింది వాళ్లే. ఓటు మాత్రం లేదు. 2014 సెప్టెంబరులో విడిపోదామా అని జనాన్ని అడిగితే 55 శాతం మంది వద్దన్నారు. మళ్లీ అడుగుతామంటే, లండన్ ఒప్పుకోనిదే అడగడానికి వీల్లేదని 2022 నవంబరులో బ్రిటన్ సుప్రీంకోర్టు తేల్చింది.

కాటలోనియాలో జనం 80 లక్షలకు దగ్గర. 2017 అక్టోబరు 1న స్పెయిన్ పోలీసుల లాఠీల మధ్య ఓట్లు వేసుకున్నారు, 27న వాళ్ల శాసనసభ స్వాతంత్ర్యం ప్రకటించింది. ఆ రోజే స్పెయిన్ వాళ్ల ప్రభుత్వాన్ని తొలగించింది. నాయకుడు పుజ్డెమోన్ గారు కొద్దిరోజుల్లో బెల్జియంలో తేలారు. ఇదే ఖండంలో మాంటెనెగ్రో కథ వినండి. 2006 మేలో సెర్బియా నుంచి విడిపోదామా అని ఓటు పెట్టుకుంటే, 55 శాతం దాటితేనే చెల్లుతుందని యూరోపియన్ యూనియన్ గీత గీసింది. వచ్చింది 55.5 శాతం. ఆ అరశాతం మీద ఒక దేశం లేచి నిలబడింది. జూన్ తిరక్కుండానే ఐక్యరాజ్యసమితిలో కుర్చీ వేశారు.

మూడో షరతు ప్రభుత్వం. బెల్జియంలో 2010 జూన్‌లో ఎన్నికలు జరిగాయి. ఆ తర్వాత 541 రోజుల పాటు, డచ్చి మాట్లాడేవాళ్లకూ ఫ్రెంచి మాట్లాడేవాళ్లకూ పొత్తు కుదరక, కొత్త ప్రభుత్వమే ఏర్పడలేదు. దిగిపోయిన మంత్రులే ఆపద్ధర్మంగా తాళాలు పట్టుకు తిరిగారు. అదే సమయంలో, 2010 రెండో సగంలో, యూరోపియన్ యూనియన్ మంత్రిమండలికి అధ్యక్షత వహించే వంతు బెల్జియానిదే. సొంతానికి ప్రభుత్వం లేనివాళ్లు ఖండానికి పెద్దరికం చేశారు. నేను ఒక్క ఏడాది పన్ను ఆలస్యం చేస్తే గేటుకి నోటీసు అంటించి వెళ్లారు.

ఆండొర్రాకి మాత్రం దేశాధినేతలు ఎక్కువ. ఫ్రాన్సుకీ స్పెయిన్‌కీ మధ్య కొండల్లో ఉన్న ఈ దేశానికి 1278 నాటి ఒప్పందం ప్రకారం ఇద్దరు సహరాజులు. ఒకరు స్పెయిన్‌లో ఉండే ఉర్హెల్ బిషప్పు, రెండోవారు ఇప్పుడు ఫ్రాన్సు అధ్యక్షుడు. బిషప్పుని పోప్ నియమిస్తాడు, అధ్యక్షుణ్ణి ఫ్రెంచివాళ్లు ఎన్నుకుంటారు. ఇద్దరిలో ఎవరి విషయంలోనూ ఆండొర్రావాళ్లకు ఓటు లేదు. 1793లో తమ రాజు తల నరికిన ఫ్రెంచివాళ్లు ఇప్పటికీ అయిదేళ్లకోసారి పొరుగువాళ్లకు రాజును ఎన్నిక చేసి పెడుతున్నారన్నమాట. కప్పం కింద బిషప్పు గారికి కొంత సొమ్ముతో పాటు పంది తొడలు, జున్ను, కోళ్లు వెళ్లేవి. 1993లో రాజ్యాంగం రాసుకుని, ఆ ఆచారం మానేసి, ఐక్యరాజ్యసమితిలో చేరారు. రాజులిద్దరూ అలాగే ఉన్నారు.

నాలుగోది పొరుగు వ్యవహారం. ఇక్కడ లీచ్‌టెన్‌స్టైన్ చరిత్ర నా ఒక్కడికే కాదు, ఇల్లున్న ప్రతివాడికీ చదివి వినిపించాలి. ఖర్చు దండగని 1868లో సైన్యాన్ని రద్దు చేసుకున్నారు. 1920లో నానాజాతి సమితిలో చేరతామని దరఖాస్తు పెడితే, మీరు మరీ చిన్నవాళ్లు, సైన్యం లేదు, మీ పనులు కొన్ని పక్కవాళ్లకు అప్పగించారు అని తిప్పి పంపారు. ఆ తర్వాత వాళ్లు స్విట్జర్లండ్‌తో సుంకాల కూటమి కట్టి, స్విస్ ఫ్రాంకునే సొంత డబ్బుగా పెట్టుకుని, మరిన్ని పనులు పక్కవాళ్లకు అప్పగించారు. 1990లో ఐక్యరాజ్యసమితి లోపలికి రమ్మంది. సైన్యం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. 2007 మార్చిలో ఒక రాత్రి సుమారు 170 మంది స్విస్ సైనికులు తుపాకులతో సహా దారి తప్పి సరిహద్దు దాటి లోపలికి నడిచారు. తప్పు తెలిసి వెనక్కి మళ్లారు. స్విట్జర్లండ్ కబురు చేసి చెప్పేదాకా లీచ్‌టెన్‌స్టైన్‌లో ఎవరికీ తెలియదు. మా పక్కింటివాళ్లు గోడ మీద ఒక ఇటుక అదనంగా పెడితే నాకు నిద్రలో తెలుస్తుంది.

మొనాకో విస్తీర్ణం రెండు చదరపు కిలోమీటర్లు. మన హుస్సేన్ సాగర్‌లో రెండు మొనాకోలు నిశ్చింతగా మునుగుతాయి. అక్కడ ఆదాయం పన్ను లేదని ఫ్రెంచి డబ్బున్నవాళ్లు చేరుతుంటే, 1962 అక్టోబరులో ఒక రాత్రి అధ్యక్షుడు డిగాల్ సరిహద్దు మీద కస్టమ్స్ వాళ్లను నిలబెట్టి కార్లు ఆపించాడు. మరుసటి ఏడాదే, మొనాకోలో కొత్తగా చేరే ఫ్రెంచివాళ్లు ఫ్రాన్సుకి పన్ను కట్టాల్సిందేనని ఒప్పందం కుదిరింది. దశాబ్దాల పాటు అక్కడి ప్రభుత్వాన్ని నడిపిన మంత్రులు కూడా ఫ్రాన్సు నుంచి వచ్చిన అధికారులే. అయినా 1993 నుంచి మొనాకో ఐక్యరాజ్యసమితి సభ్యదేశం.

అటు మొల్డోవా అంచున ట్రాన్స్‌నిస్ట్రియా అని ఒక పట్టీ ఉంది. 1990లో విడిపోయామని ప్రకటించుకుంది. సొంత సైన్యం, సొంత పోలీసు, సొంత పాస్‌పోర్టు, సొంత రూబులు ఉన్నాయి. 2014లో ప్లాస్టిక్ నాణేలు కూడా వదిలారు. 2021 సెప్టెంబరులో అక్కడి షెరిఫ్ జట్టు స్పెయిన్ వెళ్లి రియల్ మాడ్రిడ్‌ను వాళ్ల గడ్డ మీదే ఓడించి వచ్చింది. మొనాకోకి లేనివి కూడా వీళ్లకున్నాయి. ఐక్యరాజ్యసమితి సభ్యుల్లో వీళ్లను గుర్తించిన దేశం ఒక్కటీ లేదు. రష్యా తన సైనికుల్ని అక్కడ ఉంచింది గానీ, గుర్తింపు సంతకం మాత్రం చేయలేదు.

ఇక్కడికొచ్చేసరికి నాకు వెలిగింది. దస్తావేజులో అసలు బలమంతా అట్టడుగున, సాక్షుల సంతకాల దగ్గర ఉంది. కొసోవో సంగతి చూడండి. 2008 ఫిబ్రవరి 17న సెర్బియా నుంచి స్వాతంత్ర్యం ప్రకటించింది. 15 లక్షలకు పైగా జనం, పార్లమెంటు, కోర్టులు అన్నీ ఉన్నాయి. ఆ ప్రకటన అంతర్జాతీయ చట్టానికి విరుద్ధం కాదని 2010లో హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం అభిప్రాయం చెప్పింది. అమెరికా, జర్మనీ, ఫ్రాన్సు, బ్రిటన్ సంతకం పెట్టాయి. సెర్బియా, రష్యా పెట్టలేదు, మన భారతదేశమూ పెట్టలేదు. యూరోపియన్ యూనియన్‌లోనే స్పెయిన్, గ్రీసు, సైప్రస్, రుమేనియా, స్లొవేకియా పెట్టలేదు. స్పెయిన్ ఎందుకు పెట్టలేదో కాటలోనియా గురించి చదివినవారికి చెప్పనక్కర్లేదు.

సాక్షులు సగంమందే కుదిరిన ఆస్తికి ఎన్ని తిప్పలో! సొంత ఫోను కోడు లేక, అక్కడి మొబైళ్లు చాలా ఏళ్లు మొనాకో కోడు మీదా, స్లొవేనియా కోడు మీదా మోగాయి; 2016 డిసెంబరులో గానీ 383 దక్కలేదు. 2012లో ప్రాంతీయ సమావేశాల్లో కూర్చోనివ్వడానికి సెర్బియా ఒప్పుకున్న షరతు ఇంకా బాగుంటుంది. బల్ల మీద పేరు రాసుకోవచ్చు, పక్కన నక్షత్రం గుర్తు పెట్టాలి, ఆ గుర్తుకి కింద వివరణ ఉండాలి. మాసిడోనియాకైతే దక్షిణ హద్దు గ్రీసు అభ్యంతరం చెప్పింది, ఆ పేరు మాదని. 1993లో 'ది ఫార్మర్ యుగోస్లావ్ రిపబ్లిక్ ఆఫ్ మాసిడోనియా' అనే రైలుపెట్టెల పేరుతో చేర్చుకుని, ఐక్యరాజ్యసమితిలో 'టి' అక్షరం వరుసలో కూర్చోబెట్టారు. 2019లో ఉత్తర మాసిడోనియాగా పేరు మార్చుకున్నాకే పొరుగాయన శాంతించాడు.

మరి ఐక్యరాజ్యసమితి జాబితానే పక్కా రిజిస్టరు అనుకుందామా? జెనీవాలో సమితికి ఇంత పెద్ద కార్యాలయం పెట్టుకుని కూడా స్విట్జర్లండ్ 2002 దాకా సభ్యత్వం తీసుకోలేదు. అప్పటిదాకా అది దేశం కాదన్నవాడూ లేడు. ఉక్రెయిన్, బెలారుస్ సోవియట్ యూనియన్‌లో భాగాలుగా ఉంటూనే 1945లో వ్యవస్థాపక సభ్యులయ్యాయి. ఆ మాటకొస్తే మనమూ అంతే. తెల్లవాడు ఇంకా గద్దె దిగకముందే, 1945 జూన్ 26న భారతదేశం తరఫున ఆర్కాటు రామస్వామి ముదలియార్ గారు సమితి చార్టరు మీద సంతకం చేశారు.

ఇంత చదివాక ఏ గృహస్థుడికైనా ఒక దురాలోచన రాక మానదు. ఇంగ్లండ్ తూర్పు తీరంలో రాయ్ బేట్స్ అనే మాజీ సైనికాధికారికి వచ్చింది. రెండో ప్రపంచయుద్ధంలో సముద్రంలో కట్టి వదిలేసిన ఒక కోటదిమ్మె ఎక్కి, 1967 సెప్టెంబరులో దానికి సీలండ్ అని పేరు పెట్టి, తాను యువరాజునని ప్రకటించుకున్నాడు. ఆ రోజు భార్య పుట్టినరోజట. ఆవిణ్ణి యువరాణిని చేశాడు. దగ్గరికొచ్చిన పడవల వైపు తుపాకి పేలిస్తే కేసు పెట్టారు. అది మా జలాల అవతల ఉంది, మా పరిధిలోకి రాదని 1968లో ఇంగ్లీషు కోర్టు చేతులెత్తేసింది. ఆ తీర్పునే ఆయన పట్టా అనుకున్నాడు. 1987లో బ్రిటన్ తన సముద్రపు హద్దును 12 నాటికల్ మైళ్లకు జరుపుకుంది, దిమ్మె లోపలికొచ్చేసింది. ఇప్పటికీ ఆ కుటుంబం బిరుదులు అమ్ముతోంది, కొనేవాళ్లు కొంటున్నారు. ఏ దేశమూ గుర్తించలేదు.

ఈ కథ మా ఆవిడకి చెప్పి, "ఏమోయ్, మనమూ ప్రకటించేసుకుంటే? జనం ఉన్నాం, నేల ఉంది, ప్రభుత్వం ఎలాగూ నీదే" అన్నాను.

"అలాగే ప్రకటించుకుందురుగానీ, ముందు మోటారు కట్టేసి రండి. ట్యాంకు పొంగి నీళ్లు పక్కవాళ్ల గోడ మీద పడుతున్నాయి. ఆవిడ వీధిలోకొచ్చి కేకలేస్తే నేను మాట పడలేను" అంది.

నాలుగో షరతు బలం అప్పుడు అర్థమైంది. వెళ్లి మోటారు కట్టేసి వచ్చాను.

మన నేల మీద కూడా ఈ సంతకాల మహిమ తెలియనిది కాదు. 1948లో హైదరాబాదు సంస్థానం దరిదాపుగా గ్రేట్ బ్రిటన్ దీవంత ఉండేది. కోటిన్నరకు పైగా జనం, నిజాం గారి సిక్కా రూపాయి, ఆయన రైలు, ఆయన తపాలా, ఆయన సైన్యం. మాంటెవీడియో లెక్కన మొనాకో కంటే ఎన్నో మార్కులు ఎక్కువే రావాలి. ఆ ఆగస్టులో భద్రతామండలికి దరఖాస్తు కూడా పెట్టుకున్నారు. సెప్టెంబరు 13న భారత సైన్యం కదిలింది, 17 నాటికి అయిపోయింది; దరఖాస్తు మీద ఏ తీర్మానమూ రాలేదు. పొరుగు సంతకం సరే, లోపల ఊళ్లకు ఊళ్లే నిజాం పాలన మీద తిరగబడి ఉన్నాయి. ఇక మన గోదావరి ఒడ్డున యానాం 1954 దాకా ఫ్రాన్సువారిది. విస్తీర్ణం సుమారు 30 చదరపు కిలోమీటర్లు, అంటే పదిహేను మొనాకోలు. యానాంలో ఎవరికీ యువరాజునని చెప్పుకునే బుద్ధి పుట్టలేదు.

పెద్ద దేశాల గర్వం కూడా చూశాను. ఇరవై దాకా దేశాలు తమ డబ్బు ముద్రణ విధానాన్ని ఫ్రాంక్‌ఫర్ట్‌లోని బ్యాంకు చేతిలో పెట్టాయి, చట్టాలు కొన్ని బ్రస్సెల్స్‌లో రాయించుకుంటున్నాయి. మా సార్వభౌమత్వం మాకు కావాలని బ్రిటన్ 2016లో ఓటు వేసి 2020లో బయటికొచ్చింది. గుర్తుగా పాస్‌పోర్టు అట్టను ఎరుపు నుంచి పాత నీలానికి మార్చుకుంది. ఆ పాస్‌పోర్టు పుస్తకాలు పోలండ్‌లో తయారయ్యాయి.

ఖండమంతటిలో నేను నమస్కారం పెట్టేది శాన్ మారినోకి. క్రీ.శ. 301లో ఒక రాళ్లు చెక్కే క్రైస్తవుడు స్థాపించాడని వాళ్ల నమ్మకం. చుట్టూ ఇటలీయే. ఆరు నెలలకోసారి ఇద్దరు అధినేతల్ని మార్చుకుంటారు, ఎవరికీ కుర్చీ అలవాటు కానివ్వరు. 1797లో నెపోలియన్ ముచ్చటపడి, మీ హద్దులు పెంచి ఇంకొంత నేల ఇస్తాను తీసుకోండి అన్నాడు. వాళ్లు వద్దన్నారు. పక్కస్థలం ఊరికే ఇస్తానంటే వద్దన్నవాడు మా కాలనీలో ఇంతవరకు పుట్టలేదు. ఇటలీ ఏకమవుతూ చిన్నా పెద్దా రాజ్యాలన్నిటినీ మింగింది. శాన్ మారినో మిగిలింది. పొరుగువాడి దగ్గర ఏమీ పుచ్చుకోనివాడి మీద కక్ష పెట్టుకునే కారణం ఆ పొరుగువాడికి ఉండదు మరి.

కాబట్టి నా ఫిర్యాదు మీద నేనే తీర్పు రాసుకున్నాను. దేశమంటే పొరుగువాళ్లు ఎదురు చెప్పకుండా ఒప్పుకున్న స్వాధీనం. నేల, జనం, సైన్యం, డబ్బు అన్నీ దాని తర్వాతి లెక్కలు. ఉంటే మంచిదే, లేకపోయినా గడిచిపోతుంది. ఖాళీ దొడ్డి అడిగిన కౌంటరు ఆయన మీద నాకిప్పుడు కోపం లేదు. కనీసం ఆయన అందరినీ ఒకేలాగ అడుగుతాడు. యూరప్‌లో అదీ లేదు.

కొత్త దేశం పెట్టే ఉద్దేశం ఉన్న పెద్దలకు ఒకే మనవి. జెండా కుట్టించేముందు నాలుగు హద్దులవాళ్లనూ పిలిచి భోజనం పెట్టండి. జాతీయగీతం తర్వాతైనా రాయించుకోవచ్చు.